గీకితే పోయే చరిత్ర

ఆశ్వయుజ మాసంలో పోచారం చెరువు చుట్టుపక్కల తంగేడు విరగబూస్తుంది. బతుకమ్మ పేర్చేవాళ్ళు పూలు తెంపుకుని వెళ్తారు. బెరడు సంగతి ఇప్పుడు ఎవరికీ పట్టదు కానీ ఒకప్పుడు ఆ బెరడుకే గిరాకీ. గుప్పెడు తంగేడు చెక్కను దంచి రాత్రంతా నానబెట్టి, ఆ ఎర్రటి నీళ్ళలో తుప్పు పట్టిన మేకు ఒకటి వేసి చూడండి. నీళ్ళు నల్లబడతాయి. ఆ నలుపులో పచ్చటి ఛాయ కనిపిస్తుంది. తంగేడుకు బదులు కరక్కాయ వేస్తే అదే నలుపు నీలం తేలుతుంది. బెరళ్ళలోనూ కాయల్లోనూ ఉండే టానిన్లు తుప్పులోని ఇనుముతో కలిసి, నీళ్ళలో కరగని నల్లటి పదార్థంగా మారడమే ఇందులోని కిటుకు. కరక్కాయ, అన్నభేది కలిపి పాతకాలం వాళ్ళు కాచుకున్న సిరా కూడా ఇదే. వందేళ్ళ నాటి మోటారు బండి ఇనుము మీద తుప్పును ఆపడానికి ఇవాళ మ్యూజియం నిపుణులు వాడేదీ ఈ రసాయన చర్యనే.

పోచారంలో మోటారు బండి ప్రస్తావన ఎందుకంటే, ఈ అడవి నిజాముల వేట అడవి. ఇప్పటి కామారెడ్డి జిల్లా నాగిరెడ్డిపేట మండలంలో, మెదక్ నుంచి ఎల్లారెడ్డి వెళ్ళే దారిలో ఉంటుంది ఈ ఊరు. మంజీరలో కలిసే వాగుకు అడ్డంగా కట్టిన చెరువు 1922 నాటికి పూర్తయింది. దాని పేరునే చుట్టూ ఉన్న అడవికీ పెట్టి 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. దుప్పులు, కణుజులు, నీల్గాయిలు తిరిగే నేల. తుపాకులు మోసుకుని గుర్రాల మీదా ఏనుగుల మీదా సాగిన వేట, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మోటారు ఎక్కింది. వేటకు పనికొచ్చే మోటారు ఏదో చెప్పాల్సిన పని లేదు. నాలుగు వైపులా చూపు ఆనాలి, నిలబడితే తల తగలకూడదు, దిగడానికి అడ్డం ఉండకూడదు. అంటే టాపు మడిచేసే టూరర్.

రాజస్థాన్‌లోని కోటా సంస్థానాధీశుడు రెండో ఉమేద్ సింగ్ 1925లో చేయించుకున్న రోల్స్ రాయిస్ ఫాంటమ్ చూస్తే ఈ ముచ్చట ఎంత దూరం వెళ్ళిందో తెలుస్తుంది. లండన్‌లోని బార్కర్ కంపెనీ దానికి తెరిచిన టూరర్ బాడీ కట్టింది. రాత్రి వేటకు పెద్ద పెద్ద సెర్చ్ లైట్లు, తుపాకులు పెట్టుకునే ఏర్పాట్లు, అడవిలో నడక వేగంతో పాకించడానికి తగిన గేరు అందులో ఉన్నాయి. పులుల కారు అనే పేరు దానికి స్థిరపడిపోయింది.

టూరర్ అనే మాటకు కచ్చితమైన అర్థం ఉంది. నలుగురైదుగురు కూర్చునే తెరిచిన బాడీ, వెనక్కి మడిచే గుడ్డ టాపు, తలుపులకు అద్దాలు ఉండవు. వాన వస్తే సీటు కింద దాచిన పక్క తెరలు తీసి బొత్తాలతో బిగించుకోవాలి. ఆ తెరల్లో బయటికి చూడడానికి సెల్యులాయిడ్ ముక్కలు కుట్టి ఉంటాయి. కన్వర్టిబుల్ అని తర్వాతి కాలంలో పిలిచిన బండి వేరు. దాని తలుపుల్లోంచి అద్దాలు పైకి లేస్తాయి, టాపు వేస్తే మూసిన కారులా తయారవుతుంది. టూరర్‌కు ఆ సౌకర్యం లేదు. టాపు వేసినా చలిగాలి లోపలికి వచ్చేది.

అయినా తొలి పాతికేళ్ళలో మోటారు అంటే టూరరే. అమెరికాలో 1919లో తయారైన కార్లలో నూటికి తొంభై తెరిచినవే. పదేళ్ళలో ఆ లెక్క తలకిందులైంది. మూసిన బాడీలకు పనికొచ్చే వెడల్పాటి ఉక్కు రేకులు, చవకైన అద్దాలు, త్వరగా ఆరే రంగులు ఆ పదేళ్ళలోనే వచ్చాయి. 1908 అక్టోబరులో మొదలై 1927 దాకా కోటిన్నర పైచిలుకు తయారైన ఫోర్డ్ మోడల్ టీ ఎక్కువ కాలం జనం కళ్ళకు కనిపించింది టూరర్ రూపంలోనే. 850 డాలర్ల దగ్గర మొదలైన దాని ధర 1920ల మధ్యకు 300 లోపుకు దిగింది. తెరిచిన బండి తేలిక, చవక, కట్టడం సులువు. రాజులకు మాత్రం అది ఇష్టమవడానికి కారణం వేరు. ఊరేగింపులో ప్రజలకు రాజు కనిపించాలి.

ఈ జాతి బండ్లలో పేరు మోసింది రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్. నిజానికి కంపెనీ పెట్టిన పేరు అది కాదు. 1906 నవంబరులో లండన్ ఒలింపియా ప్రదర్శనలో ఆ మోడల్‌ను 40/50 హార్స్ పవర్ అని పరిచయం చేశారు. కంపెనీ వ్యవహారాలు చూసే క్లాడ్ జాన్సన్ ఒక చాసిస్ తీసుకుని, బార్కర్ చేత తెరిచిన టూరింగ్ బాడీ కట్టించి, వెండి రంగు వేయించి, దీపాలకూ పిడులకూ వెండి పూత పెట్టించాడు. చాసిస్ నంబరు 60551, రిజిస్ట్రేషన్ ఏఎక్స్ 201. నడుస్తుంటే చప్పుడు లేకుండా దయ్యంలా వెళ్తుందని దానికి సిల్వర్ గోస్ట్ అని ఫలకం బిగించాడు. ఒక బండికి పెట్టిన ముద్దు పేరు జనం నోట మోడల్ మొత్తానికీ అంటుకుంది. 1925లో ఫాంటమ్ వచ్చాక, పాత మోడల్‌ను వేరు చేసి చెప్పడానికి కంపెనీ కూడా ఆ పేరే వాడింది.

ఆ నిశ్శబ్దం వెనక హెన్రీ రాయిస్ పడ్డ తిప్పలు చాలా ఉన్నాయి. అంతకు ముందు అతను చేసిన ఆరు సిలిండర్ల ఇంజన్లలో క్రాంక్ షాఫ్టులు విరిగేవి. పొడవాటి తడి గుడ్డను రెండు చేతులతో పిండినట్టు, ఒక్కో సిలిండరు పేలినప్పుడల్లా షాఫ్టు మెలి తిరిగి మళ్ళీ వెనక్కి వస్తుంది. ఒక వేగం దగ్గర ఆ మెలికల లయ, షాఫ్టుకు సహజంగా ఉండే లయ ఒకటైతే ఊయలను సమయం చూసి తోసినట్టు ఊపు పెరుగుతూ పోతుంది. చివరికి ఉక్కు అలిసిపోయి విరుగుతుంది. రాయిస్ దీన్ని మూడేసి సిలిండర్ల రెండు ఇంజన్లను ఎదురెదురుగా కలిపినట్టు ఆలోచించాడు. షాఫ్టును బాగా లావు చేసి, ఏడు బేరింగుల మీద నిలబెట్టాడు. ఆరు సిలిండర్ల క్రాంకులను 120 డిగ్రీల ఎడంలో అమర్చితే పైకీ కిందికీ పోయే పిస్టన్ల బరువులు ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఉండే అదురు ఇందులో మిగలదు. 7,036 ఘన సెంటీమీటర్ల ఆ ఇంజన్ నిమిషానికి 1,250 చుట్లు తిరుగుతూ 48 హార్స్ పవర్ ఇచ్చేది. ఇప్పటి చిన్న కారు కూడా అంతకన్నా ఎక్కువ ఇస్తుంది. కానీ ఇది అంత తీరిగ్గా తిరుగుతూ అంత బరువును లాగేది. 1910లో స్ట్రోక్ పెంచి 7,428 ఘన సెంటీమీటర్లు చేశారు.

దీని గురించి డ్రైవర్లు గొప్పగా చెప్పుకున్న సంగతి ఒకటుంది. ఆపి కాసేపైన బండిని ఒక్కోసారి హ్యాండిల్ కొట్టకుండానే స్టార్టు చేయొచ్చు. ఇంజన్‌కు మాగ్నెటోతో పాటు బ్యాటరీ మీద నడిచే ట్రెంబ్లర్ కాయిల్ కూడా ఉండేది. స్విచ్చి వేసి, స్టీరింగు మధ్యలోని మీటను కదిపితే, పేలడానికి సిద్ధంగా మిశ్రమం నిలిచి ఉన్న సిలిండర్‌లో నిప్పురవ్వ పడుతుంది. ఒక్క పేలుడు చాలు, అంత సమతూకంగా ఉన్న షాఫ్టు తిరగడం మొదలుపెడుతుంది. ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టరు ఈ మోడల్‌కు వచ్చింది 1919లో.

1907లో ఏఎక్స్ 201 బండిని లండన్, గ్లాస్గో మధ్య తిప్పుతూ 14,371 మైళ్ళు నడిపారు, ఆదివారాలు తప్ప విడవకుండా. మధ్యలో ఒకే ఒకసారి దానంతట అది ఆగింది. 629వ మైలు దగ్గర కుదుపులకు పెట్రోలు కుళాయి మూసుకుపోయింది. పరీక్ష అయ్యాక ఇంజన్ మొత్తం విప్పి, అరిగిన భాగాలు మార్చడానికి అయిన ఖర్చు 2 పౌండ్ల 2 షిల్లింగుల 7 పెన్నీలు. మరుసటి ఏడాదే ఈ మోడల్ భారతదేశంలో దిగింది. 1908లో బొంబాయి నుంచి కొల్హాపూర్ దాకా, ఘాట్లు ఎక్కి దిగుతూ 620 మైళ్ళు సాగిన పరీక్షలో ‘పెర్ల్ ఆఫ్ ది ఈస్ట్’ అనే సిల్వర్ గోస్ట్ గెలిచింది. గ్వాలియర్ మహారాజు దాన్ని కొనేశాడు. ఇక మిగతా సంస్థానాల ఆర్డర్లు వరసకట్టాయి. 1926 దాకా ఇంగ్లండ్‌లో 6,173, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 1,701, మొత్తం 7,874 గోస్టులు తయారయ్యాయి.

ఆ కాలంలో రోల్స్ రాయిస్ అమ్మింది చాసిస్, ఇంజన్ మాత్రమే. బాడీ కట్టించుకోవడం కొన్నవాళ్ళ పని. అందుకే ఏ రెండు గోస్టులూ ఒకేలా ఉండవు. హైదరాబాద్ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వేటంటే ప్రాణం పెట్టే మనిషి. ఆయన కోరిన బండికి కూడా బార్కర్ వాళ్ళే బాడీ కట్టారు. పసుపు రంగు వేసి, లోపల నిజాం కోసం సింహాసనంలా ఎత్తైన సీటు పెట్టారు. అందుకే దానికి సింహాసనం కారు అని పేరు. ఆయన 1911 ఆగస్టులో కన్నుమూశారు. బండి తర్వాత వచ్చి, వారసుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సొత్తైంది. సంబరాలకు తప్ప బయటికి తీయలేదు కనుక చాలా కొద్ది మైళ్ళే తిరిగింది. ఇప్పుడు హైదరాబాద్ పాతబస్తీ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. టికెట్టు కొని ఎవరైనా చూడొచ్చు. అక్కడికి కొద్ది దూరంలోనే, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో 1930 నాటి రోల్స్ రాయిస్, ప్యాకార్డ్, జాగ్వార్ మార్క్ 5 ఉన్నాయి.

ఏఎక్స్ 201కూ ఈ పసుపు బండికీ మధ్య ఒక తేడా ఆలోచింపజేస్తుంది. ఒకటి అయిదు లక్షల మైళ్ళకు పైగా తిరిగింది. తిరిగిన బండికి భాగాలు మార్చక తప్పదు, రంగు మళ్ళీ వేయకా తప్పదు. రెండోది మూలన నిలబడే వయసు మీదేసుకుంది. తిరగని బండిలో అరుగుదల ఉండదు. కానీ చెమ్మ, చెద, వేడి, పురుగు తమ పని మానవు. పాత బండి ఎదుట నిలబడినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ధర ఎంతనో, మైలేజి ఎంతనో కాదు. ఇందులో అసలుది ఎంత, తర్వాత వచ్చి చేరింది ఎంత?

దీనికి జవాబు బండే చెబుతుంది. కళ్ళు, భూతద్దం, ఓపిక ఉండాలి.

స్క్రూలతో మొదలుపెట్టొచ్చు. 1912 నాటి బండి తలుపు కీలుకు ప్లస్ గుర్తు స్క్రూ కనిపిస్తే అది తర్వాత పెట్టిందే. ఫిలిప్స్ స్క్రూలు కార్ల తయారీలోకి వచ్చింది 1936లో, క్యాడిలాక్ కార్లతో. అప్పటిదాకా అన్నీ ఒంటి గీత స్క్రూలే. తర్వాత దీపాల చట్రం చూడాలి. వెలుతురులో అది కాస్త పసుపు కలిసిన తెలుపులో, వెచ్చగా మెరుస్తుంటే నికెల్. నీలం కలిసిన చల్లటి మెరుపైతే క్రోమియం. కార్లకు క్రోమియం పూత వచ్చింది 1920ల రెండో సగంలో. మెరుగు పెట్టడానికి ఇచ్చిన షాపులో అడక్కుండానే క్రోమ్ చేసి పంపడం మన దగ్గర మామూలు. ఆ పని చేసినవాళ్ళు చెడగొట్టాలని చేయరు, బాగా మెరవాలనే చేస్తారు. కానీ నికెల్‌ను గీకి తీసేశాక, ఆ దీపం ఏ సంవత్సరానిదో చెప్పే సాక్ష్యం ఒకటి పోయినట్టే.

రంగు ఇంకా ఎక్కువ చెబుతుంది. గుర్రపు బగ్గీలు కట్టిన బాడీ కంపెనీలు మోటారు బాడీలకూ అదే పద్ధతిలో రంగు వేశాయి. అవిసె నూనె కలిసిన రంగులు, వార్నిష్‌లు, ఒకదాని మీద ఒకటి ఇరవై పొరల దాకా. ఒక్కో పొర ఆరాక ప్యూమిస్ రాయితో నున్నగా రుద్ది, మళ్ళీ పొర. నూనె రంగు ఆరడమంటే తడి గుడ్డ ఆరినట్టు కాదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని, అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుంటాయి. ఆ అల్లిక నెమ్మది. బండి ఒకటి రంగుల షెడ్డులోనే వారాల తరబడి ఉండిపోయేది. 1923లో అమెరికాలో డూపాంట్ కంపెనీ నైట్రోసెల్యులోజ్ లాకర్‌ను డ్యూకో పేరుతో తెచ్చింది. 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకు మొదట వేశారు. ఇందులో అల్లిక ఏమీ ఉండదు, ద్రావకం గాలిలోకి ఎగిరిపోగానే పొర గట్టిపడుతుంది. వారాల పని గంటల్లోకి వచ్చింది. మన ఊళ్ళ షాపుల బోర్డుల మీద, ఫర్నిచర్ పాలిష్ చేసేవాళ్ళ నోట ఇప్పటికీ వినిపించే ‘డ్యూకో పెయింటింగ్’ అనే మాట ఆ డబ్బా మీది పేరే.

ఈ రెండింటినీ వేరు చేయడం తేలిక. బానెట్టు కింద, సీటు వెనక, ఎవరికీ కనపడని చోట గోరంత మేర, థిన్నర్‌లో ముంచిన దూదిపుల్లను తాకించాలి. లాకర్ అయితే మెత్తబడి దూదికి రంగు అంటుతుంది, ఎందుకంటే ఎగిరిపోయిన ద్రావకాన్ని దానికి తిరిగి ఇచ్చారు. వలలా అల్లుకున్న పాత నూనె రంగు అంత సులువుగా కరగదు. 1912 బండి మీద లాకర్ దొరికిందంటే 1923 తర్వాత ఎవరో మళ్ళీ వేశారన్న మాట. అయితే కింద పాత పొర ఇంకా ఉండొచ్చు. అందుకే నిపుణులు ఇసుక కాగితం తీయరు. ఆవగింజంత పెచ్చు తీసి, రెసిన్‌లో పొదిగి, అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద పెడతారు. బూడిద రంగు అస్తరు, దాని మీద నునుపు పొరలు, అసలు రంగు, ముదిరి తేనె రంగుకు తిరిగిన వార్నిష్, దాని మీద సన్నగా మట్టి గీత, ఆ పైన మరో రంగు. ఆ మట్టి గీత విలువైనది. రెండు రంగుల మధ్య దుమ్ము ఉందంటే, మొదటి రంగుతో బండి కొన్నాళ్ళు తిరిగిందని అర్థం.

పోచారం చెరువుకూ ఇలాంటి పొరలే ఉన్నాయి. కట్టినప్పుడు 2.423 టీఎంసీలు పట్టే చెరువు ఒండ్రు పేరుకుని 1.82 టీఎంసీలకు వచ్చింది. ఏటా వాన ఎంత మట్టిని మోసుకొచ్చిందో ఆ అడుగున వరసగా రాసి ఉంటుంది. నీళ్ళు కావాలంటే పూడిక తీయక తప్పదు, రైతుకు నీరే ముఖ్యం. కారు విషయంలో అలాంటి తొందర లేదు. అయినా టింకరింగు షెడ్డులో ముందు జరిగేది పూడికతీతే. గ్యాస్ కట్టర్‌తో కాల్చి, ఇసుక కాగితంతో రుద్ది, ఇనుము తళుక్కుమనేదాకా గీకి, పుట్టీ పెట్టి, కొత్త రంగు. రెండు నెలల్లో బండి పెళ్ళికొడుకులా తయారవుతుంది. అందులో 1912 నాటి మనిషి చెయ్యి పడ్డ రంగు చుక్క కూడా మిగలదు.

తోలు కథ తంగేడు దగ్గరికే తీసుకెళ్తుంది. పచ్చి చర్మంలోని కొలాజెన్ పోగులను టానిన్లు పట్టి బంధించడమే తోలు ఊనడం. మద్రాసు ప్రెసిడెన్సీలో తంగేడు చెక్క, కరక్కాయలతో సగం ఊనిన చర్మాలు పంతొమ్మిదో శతాబ్దంలో ఓడల కొద్దీ లండన్ వెళ్ళేవి. ‘ఈస్ట్ ఇండియా’ తోలు అని అక్కడి మార్కెట్‌లో పేరు. అలా ఊనిన తోళ్ళు కొన్ని తొందరగా పాడవుతున్నాయని పుస్తకాల బైండింగుల విషయంలో 1900ల మొదట్లోనే లండన్‌లో ఒక కమిటీ పరిశీలించి గుర్తించింది. టానిన్లలో రెండు జాతులున్నాయి. తంగేడు జాతి టానిన్‌తో ఊనిన తోలు, పొగలోని సల్ఫర్ డయాక్సైడ్‌ను పీల్చుకుని లోలోపల ఆమ్లంగా మారి, పోగులు తెగి ఎర్రటి పొడిలా రాలుతుంది. కరక్కాయ జాతి టానిన్ దానికన్నా మెరుగ్గా తట్టుకుంటుంది. మేకు నీళ్ళలో ఒకటి పచ్చ ఛాయ, మరొకటి నీలం ఛాయ ఇవ్వడానికి కారణం కూడా ఈ జాతి భేదమే.

ఎర్రపొడి రాలడం మొదలైన సీటును మళ్ళీ తోలు చేయలేం. రాలకుండా పట్టి ఉంచే పలచటి పూత వేసి, మీద గుడ్డ కప్పి, ఎవరినీ కూర్చోనివ్వకుండా చూసుకోవడమే చేయగలిగింది. నూనె పూస్తే మెత్తబడుతుందని మామూలుగా అనుకుంటారు. నూనె లోపల ముక్కిపోయి, దుమ్ము పట్టి, తోలును ఇంకా తొందరగా నల్లగా గట్టిపరుస్తుంది. కుషన్ షాపుకు తీసుకెళ్తే పాత తోలు చింపి పారేసి రెగ్జిన్ కుడతారు. ఆ పారేసిన దాంట్లోనే గుర్రపు వెంట్రుకల దిండు, చేత్తో వేసిన కుట్టు, ఏ దారం వాడారన్నదీ ఉంటాయి. కనీసం ఆ గుడ్డల మూటను గోతాంలో కట్టి చీటీ రాసి అటక మీద పెట్టమని తెలిసినవాళ్ళు బతిమాలతారు.

టైర్లను బతికించడం ఇంకా కష్టం. రబ్బరును గంధకంతో ఉడికించి గట్టిపరిచినా, గాలిలోని ఓజోన్ సాగదీసిన చోటల్లా దాన్ని పగలగొడుతుంది. బరువు మోస్తూ నిలబడిన టైరు పక్క గోడలు ముందు పగులుతాయి. అందుకే నిలబెట్టే బండిని చక్రాలు నేలకు ఆనకుండా స్టాండ్ల మీద ఎత్తి పెట్టాలి. పాత టైరు తెల్లగానో బూడిద రంగులోనో ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. రబ్బరులో మసి కలిపి నల్లగా, అరగకుండా చేయడం 1910ల తర్వాతే వ్యాపించింది.

బాడీ లోపలి చట్రం ఇంగ్లండ్‌లోని యాష్ కలప, దాని మీద చేత్తో కొట్టి వంచిన అల్యూమినియం రేకు. దక్కన్‌లో ఆ కలపకు చెద శత్రువు. రేకుకు శత్రువు దాన్ని పట్టి ఉంచిన ఇనుప స్క్రూనే. అల్యూమినియం, ఇనుము తగిలిన చోట వానాకాలం చెమ్మ చేరితే చిన్న బ్యాటరీ తయారవుతుంది. అందులో అల్యూమినియం కరిగిపోయి స్క్రూ చుట్టూ తెల్లటి పొడి పొంగుతుంది, రంగు బొబ్బలెక్కుతుంది. ఆ బొబ్బను నొక్కి చూడాలని వేలికి అనిపిస్తుంది. నొక్కకూడదు.

తుప్పుకు నీరూ ఆక్సిజన్ రెండూ కావాలి. గాలిలో తేమ 60 శాతం దాటితే తడి కంటికి కనపడకపోయినా ఇనుము మీద తుప్పు వేగం పుంజుకుంటుంది. హైదరాబాద్ వానాకాలం ఆ గీతను సులువుగా దాటేస్తుంది. చాలామంది పాత బండి మీద ప్లాస్టిక్ పట్టా కప్పుతారు. వాన ఆగుతుంది, కానీ రాత్రి చల్లబడ్డ ఇనుము మీద మంచు పట్టి, పగలు పైకి పోలేక లోపలే ఉంటుంది. దానికన్నా నేత గుడ్డ కప్పి, గాలి ఆడే షెడ్డులో ఉంచడం నయం. ఇంకో ఉబలాటం హ్యాండిల్ కొట్టడం. ఏళ్ళ తరబడి ఆగిన ఇంజన్‌లో పిస్టన్ రింగులు సిలిండరు గోడకు తుప్పుతో అంటుకుని ఉంటాయి. బలం పెట్టి తిప్పితే రింగులైనా విరుగుతాయి, గోడ మీదైనా గాడి పడుతుంది. ప్లగ్గులు విప్పి, ఇంకే నూనె కొద్దికొద్దిగా పోసి, వారాలు ఆగి, చేత్తో అంగుళం కదులుతుందేమో చూడాలి. సిల్వర్ గోస్ట్‌ లాంటి ఇంజన్‌కు మూడేసి సిలిండర్లు ఒకే పోతగా ఉంటాయి. ఒక గోడ చీలితే పోత మొత్తం పోయినట్టే.

ఇలా ఉన్నదాన్ని ఉన్నట్టు నిలిపే పనికి ప్రపంచంలో గౌరవం పెరిగింది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 1966లో ఏర్పడింది. అది ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ కాపాడటం వేరు, మళ్ళీ కొత్తదానిలా చేయడం వేరని విడదీసి రాసింది. వీలైనంత తక్కువ చెయ్యి వేయాలని, చేసిన ప్రతి పనీ రాసిపెట్టాలని అది అడుగుతుంది. కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ పోటీలో దశాబ్దాలుగా అద్దంలా మెరిసే కార్లకే అగ్ర బహుమతి దక్కేది. 2024లో తొలిసారి, రంగు పెచ్చులూడిన 1934 నాటి బుగాటీ టైప్ 59 దాన్ని గెలుచుకుంది. బెల్జియం రాజు మూడో లియోపోల్డ్ ఒకప్పుడు నడిపిన బండి అది. మన దేశంలో 2021 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటిన బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేసుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళకు చెల్లుతుంది, నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. బండి అసలు రూపంలో ఉండాలని, చాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదని అందులో స్పష్టంగా రాశారు. తాత బండిని మూలన పెట్టుకున్న కుటుంబాలు, షెడ్డుకు తోలుకెళ్ళే ముందు ఈ ఒక్క వాక్యం చదివితే చాలు.

అలాంటి బండి తలుపు కీలు ఒకటి దగ్గరగా చూద్దాం. ఇనుము, గోధుమ రంగు తుప్పు, అంచున ఇంకా మిగిలిన రంగు పెచ్చు. నిపుణుడు ముందు ఫొటో తీస్తాడు. మెత్తటి కుంచెతో వదులుగా ఉన్న పొడిని మాత్రమే దులుపుతాడు. రంగు పెచ్చు అంచును జిగురు చుక్కతో అద్దుతాడు. శుద్ధిచేసిన టానిక్ ఆమ్లాన్ని నీళ్ళలో కలిపి సన్నటి కుంచెతో తుప్పు మీద మాత్రమే రాస్తాడు. గోధుమ రంగు మెల్లగా నీలం నలుపుకు తిరుగుతుంది, కరక్కాయ నీళ్ళలో మేకు తిరిగినట్టే. ఆరాక మళ్ళీ రాస్తాడు. ఆ నల్లటి పొర గట్టిది కానీ సందులున్నది, చెమ్మను పూర్తిగా ఆపలేదు. అందుకే మీద పలచగా మైనం పూసి, గుడ్డతో తుడిచి, తేదీ రాసి, కీలు పక్కన చీటీ కడతాడు. మృగశిర రాకముందే ఆ కీలును మళ్ళీ విప్పి చూడాలి.